కంప్యూటర్‌కు అకారాది క్రమం నేర్పుదాం



పోయిన వేసవి సెలవుల్లో మన హాస్టల్ గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వార్డెన్ సార్ నాకు అప్పగించారు. డిగ్రీలో డేటాబేస్ పాఠం అప్పుడే పూర్తయింది కాబట్టి ఉత్సాహంగా ఒప్పుకున్నాను. ముగ్గురు తమ్ముళ్లు అట్టల మీది పేర్లు చూసి వంతులవారీగా టైపు చేశారు. బడులు తెరిచిన వారానికి ఏడో తరగతి తమ్ముడొకడు వచ్చి "అన్నా, జాషువా గారి గబ్బిలం ఉందా?" అని అడిగాడు. నేను "గుర్రం జాషువా" అని కొట్టి వెతికాను. ఫిరదౌసి ఒక్కటే వచ్చింది. "లేదు తమ్ముడూ" అన్నాను. వాడు మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

నెల తర్వాత బీరువా దులుపుతుంటే గబ్బిలం చేతికి వచ్చింది. పాత ముద్రణ. అట్ట మీద "గుఱ్ఱం జాషువా" అని బండి ఱ తో ఉంది. టైపు చేసిన తమ్ముడు ఉన్నది ఉన్నట్టే ఎక్కించాడు. అందులో వాడి తప్పేమీ లేదు. పుస్తకం బీరువాలో ఉంది, కంప్యూటర్‌లోనూ ఉంది, అడిగిన పిల్లవాడికి మాత్రం దొరకలేదు. తప్పు నా క్వెరీది. అది ఎందుకు జరిగిందో, ఎలా సరిచేయాలో తెలుసుకున్నది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

యంత్రానికి అక్షరం అంటే అంకె

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక కోడ్ అంకె ఉంటుంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ అంకెలు కేటాయించిన పట్టికే యూనికోడ్. దీని మొదటి సంపుటి 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటు దక్కింది. మనకు కేటాయించిన గదులు 3072 నుంచి 3199 వరకు. అందులో అ 3077, క 3093, హ 3129. గుణింతపు గుర్తులు 3134 (దీర్ఘం) దగ్గర మొదలై 3148 (ఔత్వం) వరకు ఉంటాయి. పొల్లు 3149.

డేటాబేస్‌లో "ఆర్డర్ బై" అని రాసినప్పుడు యంత్రం చేసే పని ఒక్కటే. రెండు మాటలను పక్కపక్కన పెట్టి, మొదటి అంకెతో మొదటి అంకెను పోలుస్తుంది. సమానమైతే రెండో అంకెకు పోతుంది. తేడా వచ్చిన చోట చిన్న అంకె ఉన్న మాటను ముందు పెడుతుంది. వెతకడంలోనూ ఇదే పోలిక. అంకెలన్నీ సరిపోతే దొరికినట్టు, ఒక్కటి తేడా వచ్చినా దొరకనట్టు. అంటే వరుస పెట్టడం, వెతకడం రెండూ ఒకే చెట్టు కొమ్మలు. పోలికను సరిచేస్తే రెండూ సరవుతాయి.

తెలుగు గదుల అమరిక చాలావరకు మనకు అనుకూలంగానే ఉంది. హల్లుల అంకెలు గుణింతాల కంటే చిన్నవి. అందుకే "కట్టమంచి" ముందు, "కాళోజీ" తర్వాత వస్తాయి. పొల్లు అంకె ఔత్వం కంటే పెద్దది. అందుకే క్ర, క్ష వంటి సంయుక్తాక్షరాలు కౌ తర్వాత వస్తాయి. క్షేత్రయ్య పేరు క విభాగం చివరికి చేరుతుంది. సున్న అంకె 3074 అచ్చులు, హల్లులన్నిటికంటే చిన్నది కాబట్టి కందుకూరి కట్టమంచి కంటే ముందుంటుంది. మన నిఘంటువుల్లోనూ అ కింద ముందుగా అంకము మొదలైన మాటలే కనిపిస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది.

వరుస అనేది భాష ఆచారం

అయితే అంకెల వరుస వేరు, భాష వరుస వేరు. ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లీషులోనే పెద్ద జెడ్ అంకె 90, చిన్న ఏ అంకె 97. అంకెలను నమ్ముకుంటే పెద్ద జెడ్‌తో మొదలయ్యే పేరు చిన్న ఏ తో మొదలయ్యే పేరు కంటే ముందు వస్తుంది!

జర్మన్ భాషలో ఏ అక్షరం మీద రెండు చుక్కలు పెడతారు. నిఘంటువు వరుసలో దాన్ని మామూలు ఏ గానే చూస్తారు. పేర్ల జాబితాల కోసం ఉన్న మరో పద్ధతిలో ఏ, ఈ అనే రెండు అక్షరాలుగా చూస్తారు. రెండు పద్ధతులూ ఆ దేశపు ప్రమాణంలోనే ఉన్నాయి. అదే రెండు చుక్కల అక్షరం స్వీడన్‌లో జెడ్ తర్వాత వచ్చే వేరే అక్షరం. స్పానిష్‌లో సీ, హెచ్ కలిసిన జంటను ఒకప్పుడు ప్రత్యేక అక్షరంగా వరుసలో పెట్టేవారు. 1994లో ఆ భాషా అకాడమీలు కూడి ఆ పద్ధతిని మానుకున్నాయి. గుర్తు ఒకటే అయినా ఊరు మారితే వరుస మారుతుంది. కాబట్టి "సరైన వరుస ఏది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది యంత్రం కాదు, ఆ భాష వాళ్లు.

తెలుగులో తేడా వచ్చే చోట్లు

మా పుస్తకాల జాబితాలో నాకు ఎదురైనవి ఇవి.

1. ళ: చిన్నప్పుడు మనం య ర ల వ శ ష స హ ళ క్ష ఱ అని వల్లె వేశాం. యూనికోడ్‌లో మాత్రం ళ అంకె 3123. అంటే ల (3122) పక్కనే, వ (3125) కంటే ముందు. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని 1988 నాటి ఇస్కీ ప్రమాణంలో పెట్టిన వరుసనే యూనికోడ్ తీసుకుంది. దానివల్ల యంత్రం కాళీపట్నం, కాళోజీ, కాశీనాథుని, కాసుల అని వరుస పెడుతుంది. బడి వరుస ప్రకారం కాశీనాథుని, కాసుల ముందు రావాలి, కాళీపట్నం, కాళోజీ తర్వాత రావాలి. పెద్ద జాబితాలో ఈ తేడా పేజీలకు పేజీలు జరుగుతుంది.

2. ఱ: దీని అంకె 3121, ర అంకె 3120. వరుసలో పక్కపక్కనే ఉంటాయి కానీ యంత్రానికి వేర్వేరు అక్షరాలు. గుర్రం అని వెతికితే గుఱ్ఱం రాదు. రచయితలను లెక్కపెట్టమంటే జాషువా గారిని ఇద్దరుగా లెక్కపెడుతుంది. 1932 నాటి ఫిరదౌసి ఒకరిది, 1941 నాటి గబ్బిలం ఇంకొకరిది అయిపోతుంది!

3. అరసున్న: పాత పుస్తకాల్లో "తెలుఁగు" అని ఉంటుంది. అరసున్న అంకె 3073. గ అంకె 3095. దాంతో "తెలుఁగు వ్యాకరణం" అనే పుస్తకం "తెలుగు కథ" అనే పుస్తకం కంటే ముందుకు పోయి, తెలుగు పుస్తకాలు రెండు గుంపులుగా చీలిపోతాయి.

4. కనబడని గుర్తు: అంబేడ్కర్ అని రాయవచ్చు, అంబేడ్‌కర్ అనీ రాయవచ్చు. రెండోదానిలో డ్ కింద వత్తు పడకుండా మధ్యలో ఒక గుర్తు దాక్కుని ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంకె 8204. కాగితం మీద అది చోటు తీసుకోదు, చదివేటప్పుడు వినబడదు. యంత్రానికి మాత్రం అదొక పెద్ద అంకె. అందుకే ఒకే పేరు రెండు పేర్లవుతుంది. దీని జోడీ 8205 కూడా ఇలాంటిదే.

5. ఐత్వం: ఐత్వానికి 3144 అని ఒకే అంకె ఉంది. దాన్నే ఎత్వం (3142), కింది భాగం (3158) అని రెండు ముక్కలుగానూ నిల్వ చేయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ముక్కల ఐత్వంతో ఎక్కిన "వైతాళికులు" వెన్నెల తర్వాత, వేమన కంటే ముందు కూర్చుంటుంది. ఒకే అంకెతో ఎక్కినది వేమన తర్వాత వస్తుంది. కంటికి ఎంత చూసినా కారణం తెలియదు.

6. ఖాళీలు, చుక్కలు: పేరుకు ముందు పొరపాటున పడిన ఒక్క ఖాళీ ఆ పేరును జాబితా నెత్తిన కూర్చోబెడుతుంది. "కె. రామారావు", "కె.రామారావు" కూడా యంత్రానికి వేర్వేరు.

అసలు పేరు జోలికి పోవద్దు

నాకు మొదట తట్టిన ఉపాయం, జాబితాలో ఉన్న ఱ లన్నీ ర లుగా మార్చేయడం. రెండు నిమిషాల పని. కానీ వార్డెన్ సార్ ఒక మాట అన్నారు. "రికార్డులో నీ పేరు ఎవరైనా వాళ్ల సౌకర్యం కోసం మారిస్తే ఊరుకుంటావా?" అని. ఆ మాటతో ఆగిపోయాను. మన పేర్లలో ఒక్క అక్షరం తప్పు పడితే సర్టిఫికెట్ల కోసం ఎన్నిసార్లు తిరగాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పుస్తకం మీద ఎలా ఉందో అలాగే రికార్డులో ఉండాలి. అది సాక్ష్యం. ఒకసారి చెరిపేస్తే మళ్లీ తెలుసుకోలేం.

కాబట్టి సరైన మార్గం ఇది. మనకు ఇంట్లో ఒక పిలుపు, రికార్డులో ఒక పేరు ఉన్నట్టు, టేబుల్‌లో రెండు కాలమ్‌లు పెట్టాలి. ఒకటి "రచయిత". ఇది చూపించడానికి. రెండోది "వరుస పేరు". ఇది పోల్చడానికి మాత్రమే, ఎవరికీ చూపించం. ప్రత్యేక అక్షరాల మార్పులన్నీ ఈ రెండో కాలమ్‌లోనే జరగాలి.

మార్పుల వరుస

వరుస పేరు తయారు చేయడానికి మేము పెట్టుకున్న మెట్లు ఇవి.

మొదటి మెట్టు: ముందు వెనుకల ఖాళీలు తీసేయాలి. చుక్కను ఖాళీగా మార్చి, రెండు మూడు ఖాళీలు ఉంటే ఒకటి చేయాలి.

రెండో మెట్టు: 8204, 8205 గుర్తులను తొలగించాలి.

మూడో మెట్టు: ముక్కల ఐత్వాన్ని ఒకే ఐత్వంగా మార్చాలి. పోస్ట్‌గ్రెస్‌లో 13వ వెర్షన్ (2020) నుంచి దీనికి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. లేనిచోట రీప్లేస్ చాలు.

నాలుగో మెట్టు: అరసున్న తీసేయాలి. ఱ ను ర గా, పాత పుస్తకాల్లో కనిపించే దంత్య ౘ, ౙ లను చ, జ లుగా మార్చాలి.

ఐదో మెట్టు: ళ ను హ తర్వాతికి పంపాలి. ఇక్కడ కొంచెం ఆలోచించాలి. ళ బదులు ఏదో ఒక పెద్ద అంకె పెడితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. గుణింతాల కంటే పెద్ద అంకె పెడితే "కళ" అన్న మాట కా, కి, కీ లన్నీ దాటి కౌ తర్వాతికి పోతుంది. మనకు కావలసిన అంకె హ (3129) కంటే పెద్దది, దీర్ఘం (3134) కంటే చిన్నది అయి ఉండాలి. ఆ మధ్యలో 3133 దగ్గర అవగ్రహం (ఽ) ఉంది. సంస్కృత శ్లోకాల్లో తప్ప పేర్లలో అది దాదాపు రాదు. కాబట్టి వరుస పేరులో ళ స్థానంలో ఽ పెట్టాం. అయితే పుస్తకం పేరులో నిజంగానే అవగ్రహం ఉంటే? అందుకే ఈ మెట్టుకు ముందే అసలు అవగ్రహాలను తీసేయాలి. మెట్లు తారుమారైతే ఫలితం తారుమారవుతుంది.

క్ష సంగతి? అది క, పొల్లు, ష అనే మూడు అంకెలు. వర్ణమాలలో చివర చెప్పినా, నిఘంటువులో క కిందే వెతుకుతాం. కాబట్టి దాన్ని కదపలేదు.

క్వెరీ ఎలా రాయాలి

ఆదేశాలను చదివే తీరులో తెలుగులో రాస్తున్నాను. కంప్యూటర్‌లో ఆదేశపు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ముఖ్యమైన రెండు మార్పులు ఇలా ఉంటాయి.

అప్‌డేట్ గ్రంథాలయం సెట్ వరుస_పేరు = రీప్లేస్(రీప్లేస్(రచయిత, 'ఱ', 'ర'), 'ళ', 'ఽ');

లోపలి రీప్లేస్ ముందు పని చేస్తుంది, బయటిది తర్వాత. మిగతా మెట్లను కూడా ఇలాగే ఒకదాని చుట్టూ ఒకటి, ఉల్లిపొరల్లా చుట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత జాబితా తీయడం సులువు.

సెలెక్ట్ రచయిత, పుస్తకం ఫ్రమ్ గ్రంథాలయం ఆర్డర్ బై వరుస_పేరు, పుస్తకం;

ఇప్పుడు గుర్రం, గుఱ్ఱం రెండింటి వరుస పేరూ ఒకటే. కాబట్టి గబ్బిలం, ఫిరదౌసి ఒకే చోట, పుస్తకాల వరుసలో వస్తాయి. పక్కన రచయిత పేరు మాత్రం ఏ పుస్తకం మీద ఎలా ఉందో అలాగే అచ్చవుతుంది. పుస్తకాల పేర్లకూ ఇలాంటి రెండో కాలమ్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, వరుస పేరు కాలమ్‌కు కేవలం అంకెల పోలిక జరిగేలా ఏర్పాటు చేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని "సి" కొలేషన్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో పేరు చివర "బిన్" అని ఉండే కొలేషన్లు ఇందుకే. రెండు, వెతికేవాళ్లు కొట్టిన మాటను కూడా ఇవే మెట్లు ఎక్కించి, అప్పుడు వరుస పేరుతో పోల్చాలి. ఒకవైపే జల్లెడ పడితే గింజలు కలవవు. మూడు, ఈ మార్పులను ఆర్డర్ బై దగ్గరే రాస్తే జాబితా తీసిన ప్రతిసారీ ప్రతి వరుసకూ మళ్లీ చేయాలి, మామూలు ఇండెక్స్ కూడా ఉపయోగపడదు. విడి కాలమ్ అయితే ఒక్కసారి చేస్తే చాలు. మైఎస్‌క్యూఎల్ 5.7 (2015), పోస్ట్‌గ్రెస్ 12 (2019) వెర్షన్ల నుంచి ఇలాంటి కాలమ్‌ను దానంతటదే నింపుకునేలా పెట్టవచ్చు.

తయారుగా ఉన్న పద్ధతులు

ఇంత శ్రమ పడాలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యూనికోడ్ సంస్థ అంకెల పట్టికతో పాటు వరుస పెట్టే నియమాల పట్టిక కూడా తయారు చేసింది. అందులో పోలిక మెట్లు మెట్లుగా జరుగుతుంది. ముందు అసలు అక్షరాలు, అవి సమానమైతే వాటి మీది గుర్తులు, అవీ సమానమైతే పెద్దక్షరం చిన్నక్షరం తేడా. ఆ పద్ధతిలో 8204 గుర్తును లెక్కలోకి తీసుకోరు. రెండు రకాల ఐత్వాలనూ సమానంగా చూస్తారు. పోస్ట్‌గ్రెస్ 10 (2017) నుంచి తెలుగు భాష పేరుతోనే కొలేషన్ ఎంచుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0 (2018) నుంచి మామూలుగా వచ్చే కొలేషన్ కూడా ఈ యూనికోడ్ పట్టిక మీద ఆధారపడినదే.

కాబట్టి మొదట వాటిని ప్రయత్నించండి. అయితే అవి అన్నీ చేయవు. ఆ పట్టికలో కూడా ఱ, ర వేర్వేరు అక్షరాలే. పాత రాత, కొత్త రాత ఒకటేనని చెప్పాల్సింది మనమే. ఏ పద్ధతి ఎంచుకున్నా, ళ, ఱ, ఐత్వం, అరసున్న ఉన్న పదిహేను పేర్లతో ఒక చిన్న టేబుల్ చేసి, వచ్చిన వరుసను చేత్తో రాసిన వరుసతో పోల్చి చూడండి.

యంత్రం చేయలేని పని

జాబితా సరిచేశాక ఈ క్వెరీ నడిపాను.

సెలెక్ట్ వరుస_పేరు ఫ్రమ్ గ్రంథాలయం గ్రూప్ బై వరుస_పేరు హ్యావింగ్ కౌంట్(డిస్టింక్ట్ రచయిత) > 1;

అంటే వరుస పేరు ఒకటే అయి, రాత వేర్వేరుగా ఉన్నవి చూపమని. జాషువా గారు వచ్చారు. అంబేడ్కర్, అంబేడ్‌కర్ కూడా వచ్చారు. కానీ "అంబేద్కర్" రాలేదు. డ, ద నిజంగానే వేర్వేరు అక్షరాలు. అన్నిచోట్లా డ ను ద గా మారిస్తే గుడి, గుది ఒకటైపోతాయి. అలాగే విక్రం, విక్రమ్ ఒకరేనా? "బి.ఆర్. అంబేడ్కర్" ను బ లో పెట్టాలా, అ లో పెట్టాలా? వీటికి సూత్రం లేదు. మనిషి చూసి, తెలిసినవాళ్లను అడిగి, ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని ఒక చిన్న టేబుల్‌లో రాసి పెట్టుకోవాలి. ఏ రాత ఏ పేరుకు చెందుతుందో ఆ టేబుల్ చెబుతుంది. మా దగ్గర అలాంటి నోటుపుస్తకం ఒకటి ఇప్పుడు కంప్యూటర్ పక్కనే ఉంటుంది. కొత్త పేరు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లే అందులో రాస్తున్నారు.

ముగింపు

మిత్రులారా, ఇది పుస్తకాల జాబితాకు మాత్రమే సంబంధించిన పాఠం కాదు. రేపు మీలో కొందరు ఆఫీసుల్లో కూర్చుని తెలుగు పేర్ల జాబితాలు తయారు చేస్తారు. ఆ జాబితాల్లో తన పేరు కోసం వేలు పెట్టి వెతుక్కునే మనిషి ఒకరుంటారు. పేరు ఉండి కూడా కనబడకపోతే ఆ మనిషికి అది లేనట్టే. "కంప్యూటర్‌లో లేదు" అని చెప్పే ముందు, నేను సరిగ్గా అడిగానా అని ఒక్కసారి ఆలోచించండి. ఆ మాట నేను తొందరపడి అన్నందుకు ఒక పిల్లవాడు నెలరోజులు ఒక మంచి పుస్తకానికి దూరమయ్యాడు.

గబ్బిలం దొరికిన రోజే వాడిని పిలిచి ఇచ్చాను. "లేదన్నావు కదన్నా?" అన్నాడు. ఉన్న సంగతి చెప్పి, ఱ ఎలా రాయాలో కూడా చూపించాను. ఇప్పుడు వాడు ఎనిమిదో తరగతి. గ్రంథాలయం జాబితా చూసుకునే ముగ్గురిలో వాడొకడు.

మీరే చేసి చూడండి

1. కాళిదాసు, కాశీ, కాలువ, కాహళి, కౌముది, కళ, కవిత, క్షమ – వీటిని ముందు చేత్తో బడి వరుసలో రాయండి. తర్వాత అంకెల వరుసలో రాయండి. ఎక్కడ తేడా వచ్చిందో గుర్తించండి.

2. ళ బదులు ఽ కాకుండా పొల్లు తర్వాతి అంకె ఏదైనా పెడితే "కళ" ఎక్కడికి పోతుందో చెప్పండి.

3. మీ గదిలోని విద్యార్థుల పేర్లు తెలుగులో రాసి, రెండు విధాలుగా రాయదగిన పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఏ రాత సరైనదో ఆ పేరుగల వారినే అడగండి.